పాలకూర పై ఏముందో చూశారా!

రెండు రోజులుగా నాకు నిద్ర లేదు! కళ్లు మూసుకుంటే చాలు, అదే చప్పుడు. కత్తి మొన ఆనగానే కర్ర్‌ర్‌మని పొరలు విరిగే చప్పుడు. ఆ వెంటనే గుప్పుమని ఆవిరి. ఆ ఆవిరిలో వెన్న, జాజికాయ, సోయకూర కలగలిసిన కమ్మటి, ఘాటైన, పచ్చి పచ్చి వాసన!

పాలకూరండీ బాబూ! పప్పులో పడేసి మరిచిపోయే పాలకూర! పిల్లలు కంచం అంచుకు నెట్టేసే పాలకూర! అది రెండు కరకరలాడే పొరల మధ్య దూరి, బంగారు రంగు కప్పు కింద మగ్గి, 45 మంది నోళ్లను ఒకేసారి మూయించిందంటే నమ్ముతారా? వారం క్రితం ఎవరైనా చెబితే నేనూ నమ్మేవాణ్ని కాదు.

ముందు నా సంగతి చెప్పాలి. ఉస్మాన్‌గంజ్‌లో ఒక కిరాణా హోల్‌సేల్ దుకాణంలో 22 ఏళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఎండుమిర్చి, పసుపు, ధనియాలు, చింతపండు, గసగసాలు. మా గల్లీలోకి కొత్తగా అడుగుపెట్టినవాళ్లు మొట్టమొదట చేసే పని తుమ్మడం. మాకు అదే దుకాణం గంట. ఇక వంట అంటారా, నాకు వచ్చింది చాయ్ ఒక్కటే. అదీ సగం పొయ్యి మీదే పొంగిపోతుంది.

మా ముకద్దం, అంటే హమాలీల పెద్ద, ఈ శ్రావణంలో పని చాలించి ఊరికి పోతున్నాడు. 50 కిలోల బస్తాలు మోసి మోసి మెడ మీద కాయ కాసిన మనిషి. ఉత్తచేతులతో పంపుతామా? హమాలీలు, ట్రాలీ ఆటోవాళ్లు, పక్క దుకాణాల గుమాస్తాలు, అందర్నీ లెక్కేస్తే 45 మంది. శ్రావణం కాబట్టి సగం మంది నీసు ముట్టరు. మా సేఠ్ అయితే ఏ మాసంలోనూ గుడ్డును కూడా గడప దాటనివ్వడు. మరేం పెట్టాలి? మళ్లీ సమోసాలేనా? మళ్లీ మిర్చి బజ్జీలేనా?

సరిగ్గా అప్పుడే హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతున్న మా మేనకోడలు సెలవులకి దిగింది.

"మామయ్యా, పాలకూర పై చేద్దాం" అంది.

"పాలకూర పై ఏం చేద్దామే?" అన్నాను.

"పాలకూర పై, మామయ్యా!"

"అదేనమ్మా అడుగుతున్నా. పాలకూర పై ఏమిటి? కొబ్బరా? కారప్పొడా?"

వంటింట్లో మా అక్క నవ్వలేక గోడకు చేరగిలబడింది.

నవ్వండి, మీరూ నవ్వండి! నాకు తెలిసిన పైలు రెండే. ఒకటి 'మీద'. రెండోది పదో తరగతిలో నా ప్రాణం తీసిన 22/7. మూడో పై ఒకటుందనీ, అది తినే వస్తువనీ, అదీ ఆకుకూరతో చేస్తారనీ నాకేం తెలుసు?

ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. మైదా పిండిని పలచగా వత్తి ట్రేలో పరవడం, అందులో కూర నింపడం, మీద ఇంకో పొర కప్పి అంచులు నొక్కేయడం, భట్టీలో కాల్చడం. అంతే!

"అంటే దిల్‌పసందే కదా!" అని కేకేశాను.

ఆగిపోయింది. "అవును మామయ్యా... దిల్‌పసందే!"

చూశారా! బేకరీ అద్దాల బీరువాలో గుండ్రంగా, పళ్లెమంత ఉండి, కోణం ముక్కలుగా కోసి పెడతారే, లోపల కొబ్బరి, పంచదార, ఎర్రవీ పచ్చవీ టూటీ ఫ్రూటీ ముక్కలు? అది పై! సాయంత్రం చాయ్‌తో నమిలే కర్రీ పఫ్ ఉందే, దాని పొరలూ ఇవే పొరలు! పాతబస్తీ పెళ్లిళ్లలో ఖీమా కూరి వడ్డించే నలుపలకల లుఖ్మీ, అది నూనెలో వేగినా, దీనికి దగ్గరి చుట్టమే! నిక్కర్లు వేసుకున్న నాటి నుంచీ పైలు తింటూనే ఉన్నాను, పేరు తెలియకుండా!

ఇంకా ఉంది, వినండి. ఆకుకూర పైకి గ్రీసు దేశం పెట్టింది పేరట. స్పనాకోపిటా అంటారట. పాలకూర, ఉల్లి, ఫెటా అనే ఉప్పటి జున్ను, వాటికి తోడు డిల్ అనే ఒక ఆకు. "ఈ డిల్ మనకెక్కడ దొరుకుతుంది?" అని దిగులుగా అడిగాను. ఫోన్‌లో బొమ్మ చూపించింది. సన్నటి దారాల్లాంటి ఆకులు, సోంపు వాసన...

సోయకూర! అయ్యో, అది సోయకూర! మా వీధి చివర గోనెపట్టా మీద కట్టలు కట్టలుగా పెట్టి అమ్మే సోయకూర! గ్రీకులు మన సోయకూర వేసుకుని పై తింటున్నారండీ!

ఇంకొకటి. కాగితంకన్నా పలచగా సాగదీసిన ఆ గ్రీకు పిండి పొరను ఫిలో అంటారు. ఫిలో అంటే వాళ్ల భాషలో ఏమిటో తెలుసా? ఆకు! ఆకు పొరల్లో ఆకుకూర! ఈ మాట విన్నాక లేచి నాలుగడుగులు అటూ ఇటూ నడిస్తే గానీ కుదుటపడలేదు. ఇటలీలో జెనోవా వైపు ఈస్టర్‌కి చేసుకునే ఆకుకూర పైకి 33 పొరలు ఉండాలని ఆనవాయితీ అట. ఏసుక్రీస్తు బతికిన ఏళ్ల లెక్క.

ఇక జాజికాయ! ఇది చెప్పడానికి నాకు సిగ్గేస్తోంది, అయినా చెబుతాను. ఏళ్ల తరబడి కిలోల లెక్కన జాజికాయ బిల్లులు రాశాను. మసాలాలోకి, పసిపిల్లలకు అరగదీసి పట్టడానికి, అంతవరకే తెలుసు. పాలకూర మీద చిటికెడు జాజికాయ తురిమితే పాలకూర స్వభావమే మారిపోతుందని యూరప్‌లో ఎప్పటి నుంచో తెలుసట! నా పక్కనే బస్తాలో ఉంది! నాకు తెలియదు!

మొన్న ఉదయం ఆరింటికి ఆకుకూరలమ్మ దగ్గర నిలబడ్డాం. పాలకూర 4 కిలోలు, చుక్కకూర కిలో, మెంతికూర అరకిలో, సోయకూర అరకిలో. మొత్తం 6 కిలోలు.

"గంత కూర ఎందుకు సారూ? ఇంట్ల పెండ్లా?" అంది.

"పై చేస్తున్నామమ్మా."

"పైన జేస్తరా? మేడ మీదనా?"

నేనొక్కణ్నే కాదన్నమాట! అక్కడికక్కడే ఆమెకు రెండు కట్టల డబ్బులు ఎక్కువ ఇచ్చాను.

ఆకు ఏరడానికి మా అక్క, నేను, పక్కింటి పిన్నిగారు కూర్చున్నాం. మూడు నీళ్లలో కడిగినా అడుగున ఇసుక, నాలుగో నీళ్లకు గానీ తేట పడలేదు. తరిగి గంగాళంలో వేస్తే మూత పట్టలేదు. మీద చెయ్యి పెట్టి అదిమినా పైకి లేస్తోంది. ఇదంతా రెండు ట్రేలలో ఎలా పడుతుంది, ఈ పిల్లకు లెక్కలు రావు అనుకున్నాను. మనసులో అనుకుంటే పోయేది, పైకే అనేశాను.

పొయ్యి వెలిగించింది. పది నిమిషాలు! గంగాళం కొండ దిగి కూలబడింది! పాలకూరలో నూటికి 90 పాళ్లకు పైగా నీళ్లేనట. మనం ఆకు కొంటున్నామనుకుంటూ నీళ్లు కొంటున్నాం! చల్లారాక పాత పంచెలో మూటగట్టి, ఇద్దరం చెరో కొస పట్టుకుని మెలిపెట్టాం. బొటబొటా ముదురాకుపచ్చ నీళ్లు, రెండు చెంబులు! విప్పి చూస్తే రెండు కిలోలు కూడా లేని ఒక పచ్చటి ముద్ద. తక్కెడలో వేసి రెండుసార్లు తూచాను, నా కళ్లను నేను నమ్మక. ఆ పచ్చనీళ్లతో మా అక్క చపాతీ పిండి కలిపింది. మర్నాటి చపాతీలు చిలకల్లా ఉన్నాయి.

ఈ పిండడమే అసలు కిటుకు! ఎందుకంటే అంతకు రెండు రోజుల ముందు ఇంట్లో చిన్న ఓవెన్‌లో నా చేత్తో నేనొకటి చేశాను. పిండలేదు. చల్లారనివ్వలేదు. ఉడుకుడుకు కూరను పిండి మీద పోశాను. మీదంతా ఎర్రగా, ముద్దుగా, ఫోటో తీసుకునేలా వచ్చింది. కోస్తే అడుగున మైదా గంజి! చెంచాతో తాగాం.

పనీర్ కిలోన్నర. గ్రీకుల ఫెటా ఉప్పునీళ్లలో ఊరుతుంది కదా, అందుకని మా పిల్ల ముందురోజు రాత్రే పనీర్‌ను ముక్కలు చేసి ఉప్పునీళ్లలో వేసి ఉంచింది. పొద్దున పిండి చిదిపితే, చప్పటి పనీర్‌కి ఒక్కసారిగా మాటలొచ్చినట్టుంది! పులుపు చుక్కకూర చూసుకుంది. ఉల్లిపాయలు కిలో సన్నగా తరిగి ఎర్రబడేదాకా వేయించడం, పచ్చిమిర్చి, మిరియాల పొడి, జాజికాయ. కారప్పొడి వేద్దామంటే మా పిల్ల ఒప్పుకోలేదు. ఉస్మాన్‌గంజ్‌లో కూర్చుని కారప్పొడి వద్దంటుంది, ఎంత ధైర్యం!

ఇంటి ఓవెన్‌లో 45 మందికి కాలేనా? ఇక్కడే నాకో పాత అలవాటు గుర్తొచ్చింది. రంజాన్‌కీ దీపావళికీ మన ఇళ్లవాళ్లు మైదా, చక్కెర, డాల్డా మోసుకెళ్లి బేకరీలో ఇచ్చి బిస్కెట్లు చేయించుకుంటారు కదా. సామాను మనది, భట్టీ వాళ్లది. మరి బిస్కెట్లకు ఒప్పుకున్నవాళ్లు పాలకూరకు ఒప్పుకోరా?

మా వెనక గల్లీలోని బేకరీకి పోయి అడిగాను. భాయ్ చెయ్యి తుడుచుకుంటూ మొత్తం విని, నా మొహంలోకి చూసి, "క్యా సాబ్, భాజీ కా దిల్‌పసంద్?" అన్నాడు.

అదే! అక్షరాలా అదే! ఆకుకూర దిల్‌పసంద్! ఇంతకన్నా మంచి పేరు ఆ గ్రీకులు పెట్టగలరా?

మధ్యాహ్నం రెండింటికి రమ్మన్నాడు. పొద్దుటి బ్రెడ్ పని అయిపోయి, పఫ్‌లు దిగిపోయి, ఇటుకల భట్టీ కాస్త చల్లబడి ఉండే వేళ అది. వెళ్లాం. లోపల అడుగు పెట్టగానే ఎంత వేడి, ఎంత వాసన! ఈస్ట్ పులుపు, కాలిన చక్కెర, కట్టెల పొగ. ఇన్నేళ్లు బయట కౌంటర్ దగ్గర నిలబడి పఫ్ తిన్నాను గానీ లోపల ఇంత లోకం ఉందని తెలియదు!

కడప బండ మీద పని మొదలైంది. ముందు ఐసు గడ్డ పెట్టి బండను చల్లబరిచి, తడి తుడిచేశారు. కిలోకి పైగా మైదా, 600 గ్రాముల వెన్న. భాయ్ మామూలుగా వాడేది మార్గరిన్. వెన్న మన ఎండకు నిలవదంటాడు. నిజమే, చేతి వేడికే జారిపోతుంది. అందుకే ఐసు.

పిండిని వత్తి, మధ్యలో వెన్న పలక పెట్టి మూసి, మళ్లీ పొడుగ్గా వత్తి మూడు మడతలు వేశాడు. కాసేపు ఫ్రిజ్‌లో. మళ్లీ వత్తి మూడు మడతలు. అలా ఆరుసార్లు. నాలోని గుమాస్తా ఊరుకుంటాడా? జేబులోంచి క్యాలిక్యులేటర్ తీశాను. మూడు, తొమ్మిది, 27, 81, 243, 729!

729 పొరల వెన్న! వేలెడు మందం లేని ఆ పిండిలో!

"ఎన్ని పొరలో తెలుసా భాయ్?" అని అడిగాను ఊపిరి బిగబట్టి.

"మాలూమ్ నై సాబ్. ఛే బార్ మోడ్‌నా, బస్."

ఆరుసార్లు మడవడమే ఆయనకు తెలిసిన లెక్క. రోజూ చేతుల్తో 729 పొరలు పుట్టిస్తూ ఎన్నడూ లెక్కపెట్టని మనిషి! 22 ఏళ్లుగా లెక్కలే రాస్తూ ఒక్క పొర కూడా పుట్టించని మనిషిని పక్కన నేను!

ఆ పొరలు ఎందుకు పొంగుతాయో మా పిల్ల చెప్పింది. సోడా లేదు, ఈస్ట్ లేదు. వెన్నలోని తడి, పిండిలోని తడి భట్టీ వేడికి ఆవిరవుతాయి. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. ఆ ఆవిరి ఒక్కో పొరను భుజం మీద మోస్తూ పైకి లేపుతుంది. హమాలీల పార్టీకి ఆవిరి హమాలీలు!

అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు ట్రేలు రెండు. అడుగున ఒక పొర పిండి. దాని మీద రస్కుల పొడి పలచగా చల్లింది మా పిల్ల, మిగిలిన తడి ఏదన్నా ఉంటే అది పీల్చుకుంటుందని. తర్వాత పాలకూర, పనీర్, ఒక అర అంగుళం మందాన. మీద పొర కప్పి, అంచులు కజ్జికాయ అంచుల్లా మడిచారు. గుడ్డు సొన పూయాల్సిన చోట చిక్కటి పాలు. దుకాణం నుంచి నేను తెచ్చిన నువ్వులు, నల్ల జీలకర్ర. కాల్చకముందే స్కేలు పెట్టి మూడంగుళాల చదరాలుగా పైపొరకు గాట్లు పెట్టాను, ట్రేకి 24. ఆవిరి బయటికి పోయే దారీ అదే, కోసుకునే గీతా అదే. ఈ ఒక్క పని మాత్రం నాది! ఉల్లిపాయ తినని నలుగురి కోసం ఒక వరస విడిగా నింపి, గుర్తుగా దాని మీద నువ్వులు మానేశాం.

భట్టీ వేడి చూడ్డానికి భాయ్ చిటికెడు మైదా లోపలికి విసిరాడు. అది ఎంతసేపట్లో ఎర్రబడిందో చూసి తలూపాడు. మా పిల్ల నమ్మక థర్మామీటర్ పెట్టింది. 205 డిగ్రీలు! పుస్తకంలో 200 అని ఉందట. చిటికెడు మైదా!

ముప్పావు గంట. నేను బయట స్టూలు మీద కూర్చోలేక, లేచి, మళ్లీ కూర్చుని, రెండు చాయ్‌లు తాగి... ఇంతలో వాసన వచ్చింది చూడండి! మా గల్లీ మిర్చి ఘాటు తప్ప మరో వాసన ఎరగదు. ఆ ఘాటును పక్కకు నెట్టుకుంటూ వెన్న వాసన నడిచొచ్చింది! బస్తా దించుతున్న కుర్రాడు మెడ తిప్పి చూశాడు. తుమ్మకుండా ముక్కు ఎగబీల్చిన మనుషుల్ని మా గల్లీలో నేను మొదటిసారి చూశాను!

ట్రేలు బయటికి వచ్చాయి. ఒక అంగుళం పొంగి, అంచులు ముదురు గోధుమ రంగులో, మధ్యలో బంగారం, గాట్ల సందుల్లోంచి పచ్చదనం బుసబుసలాడుతూ! నేను చెయ్యి చాపితే మా పిల్ల కొట్టింది. పదిహేను నిమిషాలు ఆగాలట, లోపల కూర సర్దుకోవాలట. నా జన్మలో అంత పొడవైన పదిహేను నిమిషాలు లేవు.

నాలుగున్నరకు దుకాణం ముందు, ఖాళీ గోనె సంచులు పరిచి అందరం కూర్చున్నాం. మొదటి ముక్క ముకద్దానికి. పళ్లెం వద్దని అరచేతిలోనే పెట్టించుకున్నాడు. కొరికాడు. పొరలు రాలి మీసాల మీద, చొక్కా మీద, మెడ మీది తువాలు మీద పడ్డాయి. నమిలాడు. ఏమీ అనలేదు. రెండో ముక్క కొరికాడు. ఏమీ అనలేదు! నా గుండె ఆగిపోయేలా ఉంది.

"ఏమైనా చెప్పు తాతా!"

"ఆగు సారూ," అన్నాడు, తువాలు మీద రాలిన పొరల్ని ఒక్కొక్కటే వేలికి అద్దుకుని నోట్లో వేసుకుంటూ. "పాలకూర గిట్ల గూడ ఉంటదా? నా పెండ్లాం డెబ్బై తీర్ల వండింది, గిది ఎన్నడు జెయ్యలే."

48 ముక్కలు, ఎనిమిది నిమిషాలు. నేను వాచీ చూసుకున్నాను. మొదట కరకర. తర్వాత మెత్తన. ఆ మెత్తనలో పనీర్ ఉప్పదనం, దాని వెనకాలే చుక్కకూర పులుపు, చిట్టచివర ఎక్కడో ముక్కులోపల సోయకూర! నేను తిన్నది మూల ముక్క. మూల ముక్కకు రెండు వైపులా అంచు ఉంటుంది, ఎక్కువ కరకరలాడుతుంది, ఎవరికీ చెప్పకండి.

తర్వాత మా పిల్లను తీసుకుని మోజంజాహి మార్కెట్‌కి నడిచాను, గురుదక్షిణగా ఐస్‌క్రీం తినిపించడానికి. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్ గడియారం కింద ఐస్‌క్రీం తింటూ కూడా నేను పాలకూర గురించే మాట్లాడాను. అటు వీధిలో 1953 నుంచీ ఉన్న కరాచీ బేకరీ ముందు ఫ్రూట్ బిస్కెట్ల కోసం జనం. వాళ్లలో ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని చెప్పాలనిపించింది.

వాళ్లకు చెప్పలేదు, మీకు చెబుతున్నాను. మీరూ చూడండి! ఇంట్లో ఓవెన్ లేదనకండి, మీ వీధి బేకరీ భాయ్‌ని మధ్యాహ్నం రెండింటికి అడగండి. పొరల పిండి చేతకాకపోతే పఫ్‌ల కోసం ఆయన చేసుకునే పిండే కిలో అడిగి కొనండి. తోటకూర వేయండి, బచ్చలి వేయండి, పొన్నగంటి వేయండి. కానీ పిండండి! దయచేసి పిండండి! నా గంజి మీరు తాగకండి. వచ్చే ఆదివారం నేను పుంటికూరతో చేస్తున్నాను. భాయ్ ఇప్పటికే నన్ను చూస్తే చాలు, "కబ్ సాబ్?" అంటున్నాడు.

ఇవాళ పొద్దున ఖర్చుల పుస్తకంలో పద్దు రాశాను. పాలకూర పై ఖర్చు, రూ. 1,570. సేఠ్ కళ్లద్దాలు సవరించుకుని ఆ గీత మీద వేలు పెట్టాడు.

"పాలకూర పై ఇంత ఖర్చా?"

"పాలకూర పై కాదు సేఠ్, పాలకూర పై!" అన్నాను.